ఊరేగింపులో చివరి మనిషి

ఆ వేసవిలో మా నాన్న నెల రోజుల పైన లేని శిల్పాన్ని చూపించాడు. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్ల వెనక నిలబడి నేనూ కొట్టాను, లోపల కాస్త కుళ్లుకుంటూ.

నాన్న కోటలో గైడు. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే కోట, అదే దారి, అదే వెదురు కర్ర. కర్ర నడవడానికి కాదు, చూపించడానికి. టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే ఆయన నుంచి మొక్కలకు నీళ్లు పోసే ఆవిడ దాకా అందరూ ఆయన్ని కోట మాస్టారు అనేవారు. నేను కూడా అక్కడే గైడుగా చేరి అప్పటికి ఏడు నెలలు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. చరిత్రలో ఎమ్మే చేస్తానని నేనన్న రోజు, "చరిత్ర చదివి ఏం చేస్తుందట? చచ్చిపోయిన రాజులతో మాట్లాడుతుందా?" అని మా పెద్దమ్మ వేళాకోళం చేసింది. "వాళ్ల తరఫున మాట్లాడుతుంది వదినా, దానికి జీతం కూడా ఇస్తారు" అన్నాడు నాన్న. ఆ ఒక్క మాట పట్టుకుని నేను రెండేళ్లు చదువుకున్నాను.

కోటలో నాకు అప్పగించిన మొదటి పెద్ద పని బోర్డులు. పాత రేకు బోర్డుల మీద తేదీలు తప్పులు, సగం అక్షరాలు తుప్పు. పదకొండు చోట్ల పదకొండు కొత్తవి పెట్టాలన్నారు. మూడు నెలలు గ్రంథాలయంలో దుమ్ము మింగి, ప్రతి వాక్యానికీ ఆధారం వెతికి రాశాను. రాళ్లు చెప్పిందే మనం చెప్పాలి, వాటిచేత మనం చెప్పించకూడదు అన్నది నా పంతం. వేసవి సెలవుల జనం మొదలవడానికి ముందు వారం బోర్డులు బిగించారు. ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చి, చెప్పులు విప్పి గోడవార పెట్టి, కుర్చీలో కూర్చునేదాకా ఆగాను.

"చూశావా నాన్నా?"

"దేన్ని?"

"బోర్డులు."

"ఆఁ. గట్టిగా బిగించారు. కర్రతో తట్టి చూశాను, ఊగడం లేదు."

"ఊగడం సంగతి కాదు. రాసింది ఎలా ఉంది?"

"చదువుతాలే తల్లీ. ఎక్కడికి పోతాయి?"

మర్నాడు అడిగాను. ఆ మర్నాడూ అడిగాను. పదకొండు బోర్డుల ముందు నుంచి రోజుకు నాలుగుసార్లు నడిచే మనిషి ఒక్కటి కూడా చదవలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు చదవలేదో నాకు తెలుసనే అనుకున్నాను. ఆ ఊరేగింపు పలక మీద ఆయనకూ నాకూ చాలాకాలంగా గొడవ.

కోట మధ్యలో పొడవాటి వసారా ఉంది. దాని గోడకు నల్లరాతి పలక ఒకటి ఇనుప కొక్కేలతో బిగించి ఉండేది. దాని మీద పదిహేడుగురి ఊరేగింపు. ముందు బాకాలవాళ్లు, తరవాత గుర్రాలు, పల్లకీ, బల్లేలవాళ్లు, అందరికన్నా చివర భుజాన కుండతో చిన్న మనిషి. ఆ చివరి మనిషి ఆడది అంటాడు నాన్న. శత్రువులు కోటను చుట్టుముట్టిన రోజుల్లో దొంగదారిన నీళ్లు మోసి అందరినీ బతికించిందని, అందుకే రాజు ఆమెను కూడా ఊరేగింపులో నిలబెట్టాడని చెబుతాడు. "ముంజేతికి మూడు గాజులున్నాయి. చలికాలం చివర సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడితే కనిపిస్తాయి. నేను ఒకే ఒక్కసారి చూశాను" అంటాడు. నేను రెండు చలికాలాలు అక్కడికి వెళ్లి మెడ నొప్పెట్టేలా చూశాను. మసి తప్ప ఏమీ కనిపించలేదు. అందుకని నా బోర్డులో ఇలా రాశాను: "చివరి వ్యక్తి ఎవరో తెలియదు. నీళ్లు మోసే పనివాడు కావచ్చు." అదే ఆయన మనసుకు గుచ్చుకుందని నా లెక్క.

మేమున్నది కోట కింద సిబ్బందికిచ్చిన రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అమ్మ కుట్టుమిషను. ఒకప్పుడు ఆ గదిలో గుడ్డముక్కల మధ్య అడుగు పెట్టడానికి చోటుండేది కాదు. రెండేళ్లుగా మాత్రం అమ్మకు ఎక్కడలేని శుభ్రం పట్టుకుంది. కత్తెర నుంచి నీళ్ల చెంబు దాకా ఏదీ బెత్తెడు కూడా జరగకూడదు. ఒక ఆదివారం నేను కాగితాలు పరుచుకోవడానికి ముక్కాలిపీటను గుమ్మం పక్కకు జరిపాను. నాన్న వచ్చి దానికి తట్టుకుని ముందుకు పడ్డాడు. మోచెయ్యి దోక్కుపోయింది.

"వస్తువులు ఎక్కడివక్కడ ఉంచమని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అని అమ్మ నా మీద విరుచుకుపడింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

"పీటే కదమ్మా! ఇంత రాద్ధాంతమా?"

"పీటే. ఇంకెప్పుడూ జరపకు."

నాన్న లేచి, మోచెయ్యి తుడుచుకుంటూ, "నా పరధ్యానం. దాన్నెందుకు అంటావు?" అన్నాడు. వయసు మీదపడితే మనుషులకు చాదస్తం వస్తుందనుకుని ఊరుకున్నాను.

సోమవారాలు కోటకు సెలవు. అలాంటి ఒక సోమవారం శిల్పాలు బాగుచేసే శాఖ నుంచి ఒకావిడ నలుగురు పనివాళ్లతో వచ్చింది. ఆవిడను అందరూ రాళ్ల డాక్టరు అంటారు. పలకకు ఉప్పు పట్టిందని, ఇలాగే వదిలేస్తే ముఖాలన్నీ పొరలు పొరలుగా రాలిపోతాయని చెప్పి, దాన్ని విప్పించి ఆఫీసు వెనక షెడ్డులోకి చేర్పించింది. గైడ్ల గది తలుపు మీద నోటీసు అంటించారు. అందరం చదివాం. నాన్న కూడా చదివే ఉంటాడని అందరం అనుకున్నాం.

మంగళవారం ఉదయం ఆయన గుంపు వెనకాలే నా గుంపును తీసుకొస్తున్నాను. నాన్న వసారా తోరణం దాటి, ఎప్పటిలాగే కొంత దూరం నడిచి, ఆగి, కుడివైపు తిరిగి కర్ర ఎత్తాడు. ఎదురుగా నాలుగు ఇనుప కొక్కేలు, వాటి మధ్య తెల్లగా వెలిసిన గోడ.

"ముందు నిలబడ్డ బాకాలవాళ్లను చూడండి. ముగ్గురిలో ఇద్దరి బుగ్గలే ఉబ్బి ఉన్నాయి. మూడోవాడు ఊదడం లేదు, ఊదినట్టు నటిస్తున్నాడు. ఏ ఆఫీసులోనైనా అలాంటివాడు ఒకడుంటాడు కదండీ!"

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తరవాత నవ్వారు. నాన్న కర్ర గోడ మీద మెల్లగా జరిగింది. రెండో గుర్రం వెనక్కి తిరిగి చూడటం, పల్లకీ మోసేవాళ్లలో ఒకడి కాలికి కట్టు ఉండటం, బల్లెం పట్టుకున్నవాడి బొటనవేలు విరిగి ఉండటం ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాడు. కర్ర మొన ఎక్కడ ఆగితే అక్కడ ఒక మనిషి ఉన్నాడనిపించింది. ఒక ముసలాయన కళ్లు మూసుకుని వింటున్నాడు. చివరి మనిషి కుండ దగ్గరికి వచ్చేసరికి ఎవరూ కదలడం లేదు. అయిపోయాక చప్పట్లు మోగాయి. ఆయన ఉలిక్కిపడి, తరవాత తల వంచి నమస్కారం పెట్టాడు.

నాకు అసూయ కలిగింది. పలక లేని రోజున నా గుంపును నేను ఆ గోడ దగ్గర ఆపకుండా ముందుకు తోలుకుపోయాను. ఈయనేమో దాన్నే ఆటగా మార్చేశాడు. సందర్శకుల పుస్తకంలో ఎవరో "లేని శిల్పాన్ని కళ్లకు కట్టినట్టు చూపించారు" అని రాసి వెళ్లారు.

శుక్రవారం మీటింగులో ఆఫీసరు ఆ వాక్యాన్ని పైకి చదివాడు. "మాస్టారూ, పలక తీసేస్తే ఏం చేస్తారో అనుకున్నాను. గోడను చూపించి కూడా మెప్పించారు. పలక తిరిగొచ్చేదాకా గైడ్లంతా మాస్టారి దగ్గర నేర్చుకోండి" అన్నాడు.

కుర్చీ చేతిని పట్టుకున్న నాన్న వేళ్లు తెల్లబడ్డాయి. తరవాత నవ్వాడు. "లేనిదాన్ని చూపించడమే కదండీ మన ఉద్యోగం" అన్నాడు. మీటింగంతా గొల్లుమంది. ఆ వేళ్లెందుకు తెల్లబడ్డాయో నేను ఆలోచించలేదు. ఆ తరవాత కూడా ఆయన ప్రతిరోజూ ఆ గోడ ముందు నిలబడి ఊరేగింపును చూపిస్తూనే ఉన్నాడు.

రెండు వారాలు గడిచాక పెద్ద మెట్ల దారిలో పగులు వచ్చింది. బాగుచేసేదాకా జనాన్ని వెనక గుమ్మం నుంచి ఎక్కించి, బురుజు మీదుగా వసారాకు దించి, ధాన్యం కొట్టు పక్క సన్నదారిన బయటికి పంపాలని ఆర్డరు వచ్చింది. అంటే దారి మొత్తం తిరగబడింది.

"దారి తిరగేస్తే కథ తిరగబడుతుంది సార్. ముగింపు ముందు చెప్పి, మొదలు చివర చెప్పమంటారా?" అన్నాడు నాన్న.

"మీకు తెలియనిదేముంది మాస్టారూ! కళ్లకు గంతలు కట్టినా ఎక్కి దిగేస్తారు" అన్నాడు ఆఫీసరు.

ఆ వారమంతా నాన్నా అమ్మా తెల్లవారుజామునే లేచి బయటికి వెళ్లేవారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, వీధి చివరికి నడవాలన్నా వంద వంకలు చెప్పే మనిషి. "ఈ వయసులో షికార్లేమిటమ్మా? పెళ్లయిన కొత్తలో తిప్పలేదా?" అని ఏడిపించాను. అమ్మ నవ్వలేదు. పాదాలకు నూనె రాసుకుంటూ గోడవైపు తిరిగి కూర్చుంది.

తిరగేసిన దారిలో మొదటి రోజు నాన్న గుంపుకు నన్ను తోకగా పెట్టారు. తోక అంటే అందరికన్నా వెనక నడిచి, ఎవరూ తప్పిపోకుండా చూసుకునే పని. నాన్నకు మొదటినుంచీ ఒక నియమం ఉంది: మెట్ల మీద ప్రశ్నలు అడగకూడదు, పైకి వెళ్లాకే అడగాలి. ఎక్కేటప్పుడు జనానికి ఆయాసం, ఆ నియమం వాళ్లకూ హాయి. దిగేటప్పుడు ఎవరికీ ఆయాసం ఉండదు. బురుజు నుంచి వసారాకు దిగే చీకటి మెట్ల మధ్యలో ఒక పెద్దమనిషి, "ఈ రాయి ఎక్కడినుంచి తెచ్చారండీ?" అని అడిగాడు. నాన్న జవాబు చెప్పాడు. చెప్పి, అక్కడే నిలబడిపోయాడు. కర్ర ముందుకు చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. అందరూ ఆగిపోయారు. నేను పక్కనుంచి సందు చేసుకుని ఆయన దగ్గరికి దిగాను.

"ఇంకా ఎన్ని?" అన్నాడు మెల్లగా, నా వైపు తిరగకుండా.

"ఇరవై ఇద్దరూ ఉన్నారు నాన్నా. నేను లెక్కపెట్టాను."

"మనుషులు కాదు తల్లీ. మెట్లు."

కింద వసారా గుమ్మం కనిపిస్తూనే ఉంది. పట్టపగటి వెలుతురు. మిగిలిన మెట్లు తొమ్మిది. ఎవరైనా ఒక్క చూపులో లెక్కపెట్టేయగలరు. నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన కళ్లు నా చెవి పక్కనున్న రాయి మీద ఆగి ఉన్నాయి.

"తొమ్మిది" అన్నాను. ఆయన దిగాడు. నేను వెనకే దిగాను. కింద ఆయన ఖాళీ గోడ వైపు కర్ర ఎత్తి, ఈసారి చివరి మనిషితో మొదలుపెట్టాడు.

సాయంత్రం ఇంట్లో ఆయన చెప్పులు విప్పడం చూశాను. రోజూ చూసేదే, ఆ రోజే కనిపించింది. కాలి బొటనవేలితో గోడను తడిమి, ఆ గోడకు ఆనించి పెట్టాడు. అమ్మ మిషను ఆపి నా మొహం చూసింది.

"తెలిసిపోయిందా?"

"ఎప్పటినుంచమ్మా?"

"రెండేళ్లు దాటింది. కంటి నరం ఎండిపోతోందన్నారు. ఇద్దరు డాక్టర్లకు చూపించాం. పోయిన చూపు రాదు, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు. ఆ ఉన్నది కూడా పోయిన చలికాలంలో పోయింది."

"ఏమీ కనిపించదా?"

ఈ ప్రశ్నకు నాన్నే జవాబిచ్చాడు. "వెలుగుందో లేదో తెలుస్తుంది. నువ్వు గుమ్మంలో నిలబడ్డావని తెలుస్తోంది. ఏడుస్తున్నావో లేదో తెలియడం లేదు."

"ఏడవడం లేదు" అన్నాను. ఏడుస్తూనే ఉన్నాను.

అప్పుడు నాకు కోపం వచ్చింది. నాకెందుకు చెప్పలేదని అరిచాను. నేను ఈ ఇంటి మనిషిని కాదా అని అమ్మనూ నిలదీశాను. నాన్న నన్ను అరవనిచ్చాడు. తరవాత, "నీకు అబద్ధం ఆడటం చేతకాదు తల్లీ. ఆఫీసరు ఎదురుగా నిలబడితే చెప్పేస్తావు. నీ చదువు అలాంటిది. అది తప్పని అనడం లేదు" అన్నాడు.

"మానెయ్యి నాన్నా. ఎవరైనా పడిపోతే? నువ్వు పడిపోతే?"

"ఇంట్లో కూర్చుంటే నేను గుడ్డివాణ్ణి. పైన కాదు. పైన నాకు అన్నీ కనిపిస్తాయి. నిజంగానే కనిపిస్తాయి, నమ్ము. ఆ పలక బాగై వస్తుంది కదా, వచ్చాక దాన్ని ఒక్కసారి జనానికి చూపించి దిగిపోతాను. అప్పటిదాకా నోరు మెదపకు."

ఒప్పుకోకూడదు. అక్షరానికి అక్షరం ఆధారం అడిగే నేనే ఒప్పుకున్నాను. ఆ తప్పు నాది. ఈ మాట ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

ఆ తరవాత మూడు వారాలు ఆయన గుంపులో నేను తోకలా కాకుండా తలలా నడిచాను. "జాగ్రత్తండీ, ఇక్కడ పన్నెండు మెట్లు, నాతోపాటు లెక్కపెట్టండి" అని గట్టిగా చెప్పేదాన్ని. జనం ఉత్సాహంగా లెక్కపెట్టేవాళ్లు. ఆ లెక్క ఎవరి కోసమో వాళ్లకేం తెలుసు? తండ్రీకూతుళ్లు భలే చెబుతున్నారని మెచ్చుకున్నారు కూడా. నిజం చెప్పాలంటే ఆ మూడు వారాల్లో నేను నేర్చుకున్నది ఎమ్మేలో నేర్చుకోలేదు. ఏ మాట దగ్గర ఆగాలో, నవ్వించాక ఎంతసేపటికి బాధ పెట్టాలో ఆయన పక్కన నడిచి తెలుసుకున్నాను. నాకు సంతోషంగా ఉండేది. అందుకే ఆ ఒప్పందం ఎంత ప్రమాదమో రోజురోజుకూ మర్చిపోయాను.

ఒక గురువారం ఒకే ఆస్పత్రిలో పనిచేసే నర్సులు గుంపుగా వచ్చారు. చాలా రోజుల తరవాత దొరికిన సెలవట, ఒకటే గలగల. బురుజు మీద పెద్ద తోరణం ఉంది. దాని ముందు నిలబెట్టి నాన్న ముప్పై ఒక్క ఏళ్లుగా చెప్పే మాట ఒకటుంది. కొత్త దారిలో మానేసిన ఆ మాట ఆ రోజు ఆయన నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ఇంకో రెండడుగులు వెనక్కి వేయండమ్మా, మొత్తం కనిపిస్తుంది."

పాత దారిలో వచ్చినవాళ్లకు వెనక విశాలమైన ముంగిలి ఉంటుంది. తిరగేసిన దారిలో వచ్చినవాళ్లకు వెనకున్నది మోకాలెత్తు పిట్టగోడ. ఫోను ఎత్తిపట్టుకుని ఫొటో తీస్తున్న ఒక నర్సు ఒకడుగు వెనక్కి వేసింది. రెండో అడుగులో ఆమె పిక్కలు గోడకు తగిలి, ఒళ్లు వెనక్కి తూలింది. నేను ఆమె చీర కొంగూ భుజమూ కలిపి దొరకబుచ్చుకుని ఇవతలికి లాగాను. ఇద్దరం నేల మీద పడ్డాం. ఆమె సంచిలోంచి ఏదో జారి గోడ అవతలికి పోయింది. అది కింద రాళ్ల మీద పడి, ఎగిరి, మళ్లీ పడటం చాలాసేపు వినిపించింది.

"ఏం పడింది?" అన్నాడు నాన్న.

"నీళ్ల సీసా నాన్నా."

"సీసానేనా?"

"సీసానే మాస్టారూ, నేను ఇక్కడే ఉన్నాను" అంది నర్సు, చీర దులుపుకుంటూ. నవ్వడానికి ప్రయత్నించింది.

"సీసానేనా తల్లీ?" అని నన్ను మళ్లీ అడిగాడు. అవునన్నాను. ఆయన తల ఊపి, మిగతా కోటంతా చూపించాడు. ఒక్క మాట తడబడలేదు. సన్నదారి దగ్గర అందరికీ నమస్కారం పెట్టి, వాళ్ల మాటలు దూరమయ్యేదాకా నిలబడి, చెయ్యి చాచి నా మోచెయ్యి పట్టుకున్నాడు. నేను పుట్టాక ఆయన నన్ను ఆసరా అడగడం అదే మొదటిసారి.

"ఆఫీసు గదికి తీసుకెళ్లు" అన్నాడు.

ఆఫీసరు లేచి కుర్చీ వేయబోయాడు. నాన్న కూర్చోలేదు. చొక్కాకున్న ఇత్తడి బిళ్ల తీసి, చేత్తో బల్ల అంచు వెతుక్కుని, దాని మీద పెట్టాడు. "నాకు కళ్లు కనిపించవు సార్. చూపు రెండేళ్లుగా తగ్గుతూ, పోయిన చలికాలంలో పూర్తిగా పోయింది" అన్నాడు.

ఆఫీసరు నవ్వాడు. మాస్టారు మళ్లీ ఏదో చమత్కారం చేస్తున్నారనుకున్నాడు. మా ఇద్దరి మొహాలూ చూశాక నవ్వు ఆగిపోయింది. "మరి ఆ పలక? ఖాళీ గోడ ముందు మీరు..."

"పలక తీసేశారని మీరు మీటింగులో చెప్పాకే తెలిసింది సార్ నాకు."

ఆఫీసరు ఆ బిళ్లను ముట్టుకోలేదు. "మీ అమ్మాయికి ఈ సంగతి తెలుసా?" అని అడిగాడు.

"తెలియదు" అన్నాడు నాన్న వెంటనే.

"తెలుసు సార్. మూడు వారాలుగా తెలుసు" అన్నాను నేను.

నాన్న తల నా వైపు తిప్పాడు. తిట్టలేదు. "చెప్పాను కదా, దానికి చేతకాదు" అన్నాడు ఎవరికో చెబుతున్నట్టు. నా ఉద్యోగం ఖాయం కావడం ఏడాది వెనక్కి పోయింది. అది కూడా ఆఫీసరు మంచివాడు కాబట్టి. వేరొకడైతే ఆ రోజే ఇంటికి పంపేవాడు.

నాన్న ఇంట్లో కూర్చున్నాడు. ఎవరైనా పలకరిస్తే ఊఁ అనేవాడు. అమ్మ మిషను చప్పుడు వింటూ పొద్దంతా కుర్చీలోనే ఉండేవాడు. కర్ర తలుపు మూల నిలబెట్టి, మళ్లీ దాని జోలికి పోలేదు. పన్నెండు రోజులకు రాళ్ల డాక్టరు ఫోను చేసింది. పలక బిగించేశామని, జనం రాకముందే మాస్టారిని తీసుకురమ్మని అంది.

"నాకు అక్కడేం పని?" అన్నాడు నాన్న.

"చూడటానికి వెళ్లండి" అంది అమ్మ.

"ఏమిటి చూసేది?"

"మీరు ముప్పై ఏళ్లు అందరికీ చూపించారు. ఇప్పుడు అది మీకు చూపిస్తుంది. లేవండి."

టికెట్టు కొనందే లోపలికి రానన్నాడు. కిటికీ దగ్గరాయన ఎంత వద్దన్నా వినకుండా కొని, జేబులో పెట్టుకున్నాడు. పెద్ద మెట్ల దారి అప్పటికే బాగైంది. నా మోచెయ్యి పట్టుకుని, పెదాలు కదుపుతూ ఎక్కాడు. పైకి వచ్చాక నిలబడి, "నూట ఇరవై ఏడే వచ్చాయి. ఒకటి తగ్గింది" అన్నాడు. మేస్త్రీ రెండు చిన్న మెట్లను కలిపి ఒకటి చేశాడని చెప్పాను.

వసారాలో రాళ్ల డాక్టరు చేతులకు తొడుగులతో నిలబడి ఉంది. పలక ఇప్పుడు నల్లగా లేదు, బూడిదరంగులో ఉంది. మసి కిందనుంచి కనురెప్పలు, బట్టల మడతలు, గుర్రాల నరాలు బయటపడ్డాయి. నేను కూడా కొత్తగా చూస్తున్నట్టే చూశాను. చివరి మనిషి దగ్గర ఆగిపోయాను.

"ఏం తేలింది?" అన్నాడు నాన్న.

"ముంజేతి మీద మూడు గీతలున్నాయి నాన్నా."

ఆయన మొహంలో ఏ మార్పూ రాలేదు. "నన్ను సంతోషపెట్టడానికి చెబుతున్నావు."

"నాకు చేతకాదన్నావుగా!"

"ఈ కొన్నాళ్లలో నేర్చుకున్నావేమోనని."

నేను రాళ్ల డాక్టరు వైపు చూశాను. ఆవిడ తొడుగులు తీసి, వసారా అంచుకు వెళ్లి బయటికి చూస్తూ నిలబడింది. నేను నాన్న కుడిచెయ్యి పట్టుకున్నాను. ఎక్కడికి తీసుకెళుతున్నానో అర్థమై ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు. ముట్టుకోకూడదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు నేను."

"నేను ముట్టుకోమంటున్నాను నాన్నా. ఈ పూట ఇక్కడ గైడును నేను."

ఆయన వేలు రాయిని తాకింది. కుండ అంచు మీదుగా దిగి, మోచెయ్యి దాటి, ముంజెయ్యి దగ్గర ఆగింది. అటూ ఇటూ కదిలింది.

"ఒకటి" అన్నాడు. "రెండు." చాలాసేపు ఆగాడు. "మూడు."

ఆయన ఏడ్చాడు. మా నాన్న ఏడవగా నేను చూడటం అదే మొదలు. నాకు మాత్రం అక్కడ నోరు ఆగలేదు. "అవి గాజులని చెప్పలేం నాన్నా. ఆ రోజుల్లో మగవాళ్లు కూడా కడియాలు వేసుకునేవారు" అన్నాను. అన్న వెంటనే నాలుక కరుచుకున్నాను.

ఆయన చొక్కా చేతితో మొహం తుడుచుకుని నవ్వాడు. "అదీ! అలా చెప్పు. ఇప్పుడు నీ బోర్డు చదువు. ఆ రోజే చదివి వినిపించమని అడగాలనుకున్నాను. నోరు రాలేదు."

చదివాను. నేను రాసిన పదకొండిట్లో అది ఏడోది. పది వాక్యాలు. ఆయన గోడవైపు తిరిగి, ఒక్క మాట కూడా జారిపోకుండా విన్నాడు. చివరి వాక్యం అయ్యాక, "తేదీలన్నీ సరిగ్గా పెట్టావు. నేను ఇన్నాళ్లూ నాలుగేళ్లు తప్పు చెప్పాను" అన్నాడు. తరవాత, "చివరి వాక్యం మార్చు. మూడు గీతలున్నాయని రాయి. అంతవరకే రాయి. గాజులని రాయకు, అది నోటితో చెప్పుకోవాల్సిన మాట" అన్నాడు.

"గీతలను మొదట చూసింది ఈ కోట గైడు అని కూడా రాస్తాను. దానికి ఆధారం ఉంది."

ఆయన ఏదో అనబోయాడు. అంతలో కింద గేటు తెరిచిన చప్పుడు, మెట్ల మీద ఆ రోజు మొదటి గుంపు అడుగులు వినిపించాయి. నాన్న చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని, తప్పు చేసి దొరికినట్టు వెనకాల దాచుకున్నాడు. గోడవారకు జరిగి, జనంలో ఒకడిలా నిలబడ్డాడు.

"అందరూ లోపలికి రండి" అన్నాను వాళ్లతో. "దయచేసి ఎవరూ ముట్టుకోకండి. ఇంకో రెండడుగులు ముందుకు వస్తే మొత్తం కనిపిస్తుంది."

అందరితోపాటు ఆయన కూడా రెండడుగులు ముందుకు వేశాడు.